ట్విన్ సిటీస్‌లో లోకల్ ల్యాండ్‌స్కేపర్: ఏ పనికి పిలవాలి, ఏ పనికి అక్కర్లేదు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ట్విన్ సిటీస్ అని పిలిచే మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఈడెన్ ప్రెయిరీ, ప్లిమత్, మేపుల్ గ్రోవ్, వుడ్‌బరీ లాంటి శివార్లలో ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి వేసవిలోనే తేల్చుకోవాల్సిన విషయం ఇది. యార్డ్ పని దేశమంతా శాఖలున్న పెద్ద కంపెనీకి ఇవ్వాలా, రెండు ట్రక్కులూ ఐదారుగురు మనుషులతో ఊళ్లోనే నడిచే ల్యాండ్‌స్కేపర్‌కి ఇవ్వాలా? మా తీర్పు ముందే చెప్పేస్తాం. నేల తవ్వే పని, స్ప్రింక్లర్ పని, మంచు ఎత్తే పని, ఈ మూడూ లోకల్ వాళ్లకే. గడ్డికి ఎరువు చల్లే ఏడాది చందా ఎవరికిచ్చినా పెద్ద తేడా లేదు. చాలా ఇళ్లకు ఆ చందా అవసరమే లేదు.

ఇక్కడ యార్డ్‌కి అసలు పరీక్ష చలికాలంలోనే. జూన్‌లో ఎవరు చేసిన పనైనా ఫొటోలో బాగానే ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా నేల గడ్డకట్టి, ఏప్రిల్లో కరిగాక అసలు రంగు బయటపడుతుంది. మిన్నెసోటా బిల్డింగ్ కోడ్ ప్రకారం ట్విన్ సిటీస్‌లో పునాది 42 అంగుళాల లోతుకు దిగాలి. ఉత్తరాన డులూత్ వైపు ఆ లెక్క 60 అంగుళాలు. చలి నేలలో ఎంత లోతుకు దిగుతుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. ఇక్కడి మట్టి మీద పది పదిహేనేళ్లు పని చేసినవాడికి ఇవన్నీ నోటి లెక్కలు. వేరే రాష్ట్రంలో తయారైన ప్యాకేజీ పట్టుకొచ్చిన సేల్స్‌మన్‌కి కాదు.

పేవర్ ప్యాటియో: కొటేషన్‌లోనే తెలిసిపోతుంది

పేవర్లంటే నేల మీద పరిచే ఇటుకల్లాంటి దిమ్మెలు, ప్యాటియో అంటే వాటితో ఇంటి పక్కన వేసే అరుగు. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ పాడయ్యేదీ ఇక్కడే. "12 బై 16 పేవర్ ప్యాటియో, మొత్తం ఇంత" అని ఒక్క వరుసలో రాసిచ్చిన కొటేషన్‌ని అక్కడే పక్కన పెట్టండి. మంచి ల్యాండ్‌స్కేపర్ ఎంత లోతు తవ్వుతాడో, కింద ఫ్యాబ్రిక్ (మట్టి కంకరలో కలవకుండా ఆపే గుడ్డ) వేస్తాడో లేదో, బేస్ ఎన్ని అంగుళాలో, ఎన్ని పొరల్లో దిమ్మిస కొడతాడో, వాలు ఎటో, తవ్విన మట్టి ఎక్కడికి పోతుందో అన్నీ రాసిస్తాడు.

కొత్త సబ్‌డివిజన్లలో పైన రెండు మూడు అంగుళాల నల్లమట్టి ఉంటే, దాని కింద బిల్డర్ యంత్రాలు తొక్కిన బంకమట్టి ఉంటుంది. నీరు అందులోకి త్వరగా ఇంకదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని అందరూ చెబుతారు కానీ పేవర్లను లేపేది అదొక్కటే కాదు. చలి పై నుంచి దిగుతుంటే కింది తడి ఆ గడ్డకట్టే గీత దగ్గరికి పైకి పాకుతుంది. అక్కడ మంచు పలకలుగా పేరుకుని నేలను పైకి నెడుతుంది. అన్నిచోట్లా సమానంగా నెట్టదు కాబట్టే వసంతానికి ప్యాటియో ఎగుడుదిగుడవుతుంది. ఒండ్రు మట్టిలో, తడి నిలిచే చోట ఈ బెడద ఇంకా ఎక్కువ. నీటిని కిందికి వదిలేసే గట్టి బేస్ వేయడమే దీనికి మందు.

ఇక్కడి వాళ్లు క్లాస్ ఫైవ్ అనే కంకర వాడతారు. కంకర, ఇసుక, పొడి కలిసిన మిశ్రమం అది. బంకమట్టి మీద దిమ్మిస కొట్టాక కనీసం 6 అంగుళాలు ఉండాలి, 8 ఉంటే నిశ్చింత. దాని మీద 1 అంగుళం ఇసుక, ఆ పైన 2⅜ అంగుళాల పేవర్. అంటే తవ్వకమే పదకొండు అంగుళాలు దాటుతుంది. 8 అంగుళాల కంకరనూ ఒకేసారి పోసి ప్లేట్ కంపాక్టర్ నడిపితే పైన గట్టిపడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది. 2 నుంచి 4 అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ కాస్త తడిపి కొట్టాలి. ఈ మధ్య కొందరు పొడి లేని, సన్నకణాలు కడిగేసిన ¾ అంగుళం రాయి వేస్తున్నారు. బంకమట్టిలో అది ఇంకా మంచిదే, కానీ ఆ రాళ్లలోకి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండాలి. దారి లేకపోతే ప్యాటియో కింద తొట్టి కట్టినట్టే.

కొటేషన్ నిజమో కాదో తేల్చడానికి చిన్న లెక్క చేసుకోండి. 12 బై 16 అంటే 192 చదరపు అడుగులు. బేస్ అంచుల బయటికి 6 అంగుళాలు పోవాలి కాబట్టి అది 210 దాటుతుంది. 8 అంగుళాల మందం వేస్తే దిమ్మిస కొట్టాక 5 క్యూబిక్ గజాల పైమాట. ట్రక్కులో వదులుగా వచ్చేటప్పుడు 6 నుంచి 7 గజాలు రావాలి. కొటేషన్‌లో 3 గజాలని ఉంటే బేస్ నాలుగంగుళాలు కూడా రాదు. అడిగితే "ఇక్కడ అందరం ఇలాగే వేస్తాం" అంటారు. అందరివీ అలాగే లేచాయి మరి.

వాలు అడుక్కి పావు అంగుళం, ఇంటి నుంచి బయటికి. 12 అడుగుల ప్యాటియో అవతలి అంచు ఇంటి వైపు కన్నా 3 అంగుళాలు కిందుండాలి. కొత్త ఇళ్లలో ఇంకో చిక్కుంది. బేస్‌మెంట్ గోడ పక్కన బిల్డర్ తిరిగి పూడ్చిన మట్టి కొన్నేళ్లపాటు కుంగుతూనే ఉంటుంది. దాని మీద ప్యాటియో వేస్తే గోడ వైపు దిగిపోయి వాలు తిరగబడుతుంది, నీళ్లు నేరుగా బేస్‌మెంట్ వైపు పోతాయి. ఇల్లు కట్టి రెండు మూడేళ్లు కాకముందే ప్యాటియో అడిగితే, ఈ మాట తనంతట తనే ఎత్తే ల్యాండ్‌స్కేపర్‌ని నమ్మొచ్చు.

అంచుకు ప్లాస్టిక్ ఎడ్జింగ్ పెట్టి, అడుగుకొకటి చొప్పున 10 అంగుళాల మేకులు కొట్టాలి. అంచు వెంట సిమెంటు పూస్తామంటే వద్దనండి, రెండు చలికాలాలకు పగుళ్లిస్తుంది. సందుల్లో నింపే పాలిమెరిక్ శాండ్‌కి (తడిపితే గట్టిపడే ఇసుకకి) పేవర్లు పొడిగా ఉండాలి, వేశాక గట్టిపడేదాకా వాన పడకూడదు, గడ్డకట్టే చలి ఉండకూడదు. అక్టోబరు ఆఖర్లో హడావిడిగా వేసిన ప్యాటియోల్లో మొదట ఊడేది ఈ ఇసుకే.

రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా కట్టే గోడ గురించి ఒక్క మాట. ఫుటింగ్ (గోడ పునాది) అడుగు నుంచి గోడ పైకి కొలిస్తే 4 అడుగులు దాటినదానికి పర్మిట్, ఇంజనీర్ డ్రాయింగ్ కావాలి. అంతకు తక్కువదైనా మొదటి వరుస నేలలో పూడాలి, వెనక 12 అంగుళాల మేర రాయి పోయాలి, కింద నీరు పోయే పైపు ఉండాలి. వెనక తవ్విన బంకమట్టినే తిరిగి పూడ్చిన గోడ ముందుకు వంగుతుంది. ఎప్పుడన్నదే తేడా.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయడం ఉచితం, చట్టరీత్యా తప్పనిసరి. మిన్నెసోటాలో దీన్ని గోఫర్ స్టేట్ వన్ కాల్ చూస్తుంది. శని, ఆదివారాలు, సెలవులు కాకుండా 48 గంటల ముందు చెప్పాలి. పసుపు జెండా గ్యాస్, ఎరుపు కరెంటు, నారింజ ఇంటర్నెట్, ఫోన్ తీగలు, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. మీ సొంత స్ప్రింక్లర్ పైపులు, గ్రిల్‌కి వెళ్లే గ్యాస్ పైపు, కుక్క కోసం వేసిన కనపడని కంచె తీగ వాళ్లు గుర్తుపెట్టరు. అవి చూపించాల్సింది మీరే.

స్ప్రింక్లర్ మూసే పని

లోకల్ వాళ్లకు ఎక్కువ మార్కులు ఇక్కడే వేస్తాం. పని అరగంటది, ఫీజు మామూలు ఇంటికి వంద డాలర్లకు అటూ ఇటూ. తప్పుగా చేస్తే మాత్రం మరమ్మతుకు దానికి పదింతలవుతుంది.

ఇక్కడ భూమిలో వేసేది ఎక్కువగా నల్లటి పాలీ పైపు. అది 42 అంగుళాల లోతులో ఉండదు, అడుగు లోతులోనే ఉంటుంది. కాబట్టి నీళ్లన్నీ గాలితో బయటికి ఊదేయాలి. ఇంటి లోపల వాల్వ్ కట్టేసి, కంప్రెసర్‌ని బ్యాక్‌ఫ్లో పరికరం (స్ప్రింక్లర్ నీరు వెనక్కి మంచినీటి పైపులోకి రాకుండా ఆపేది) దాటాక ఉన్న పోర్టుకి తగిలించాలి. పరికరం గుండా గాలి పంపితే లోపలి రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు పాడవుతాయి. పాలీ పైపుకి గాలి ఒత్తిడి 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకూడదు, పీవీసీకి 80. ఇక్కడ ఒత్తిడి కన్నా ముఖ్యం గాలి పరిమాణం. నిమిషానికి 20 ఘనపుటడుగులో, అంతకు పైనో ఇచ్చే ట్రైలర్ కంప్రెసర్ కావాలి. గ్యారేజీలో టైర్లకు గాలి కొట్టే 6 గ్యాలన్ల కంప్రెసర్ ఒత్తిడి బాగానే చూపిస్తుంది, కానీ దాని గాలి పైపులో నీటి మీదుగా జారిపోతుంది, నీరు అడుగునే ఉండిపోతుంది. సొంతంగా చేసుకున్నామని సంతోషపడిన చాలా ఇళ్లలో మే నెలలో రెండు మూడు జోన్లు (ఒకేసారి నీళ్లు చిమ్మే భాగాలు) పగిలేది ఇందుకే.

దూరంగా, ఎత్తులో ఉన్న జోన్‌తో మొదలుపెట్టి, ప్రతి జోన్‌నూ నీటి తుంపర ఆగేదాకా ఊదాలి, ఆగగానే ఆపేయాలి. నీళ్లు లేకుండా స్ప్రింక్లర్ హెడ్ తిరుగుతుంటే గేర్లు వేడెక్కి అరిగిపోతాయి. ఒకే విడతలో ఎక్కువసేపు ఊదేకన్నా రెండు చిన్న విడతలు మేలు. చివరికి బ్యాక్‌ఫ్లో మీది బాల్ వాల్వ్‌లను సగం, అంటే 45 డిగ్రీల్లో వదలాలి. పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా వాల్వ్ బంతి లోపల చిక్కుకున్న నీరు గడ్డకట్టి దాన్ని చీలుస్తుంది. మీ పనివాడు వెళ్లేముందు ఈ ఒక్కటి చూసుకోండి చాలు, పని తెలిసినవాడో కాదో అర్థమవుతుంది.

అక్టోబరు మొదటి సగంలో ఇది అయిపోవాలి. నేల గడ్డకట్టడానికి ఇంకా టైముంటుంది నిజమే. కానీ గోడకు బయట బిగించిన బ్యాక్‌ఫ్లో పరికరం ఒక్క గట్టి మంచు రాత్రికే పగులుతుంది. అలాగే బయటి కుళాయికి గొట్టం తగిలించి వదిలేయకండి. ఫ్రాస్ట్‌ఫ్రీ (చలికి గడ్డకట్టకుండా చేసిన) కుళాయే అయినా గొట్టం ఉంటే నీరు దిగదు. గోడ లోపలి పైపు చీలుతుంది, అది వసంతంలో కుళాయి తిప్పినప్పుడు గానీ తెలియదు.

మంచు కాంట్రాక్టు

ఇది సగం సేవ, సగం జూదం. ఎయిర్‌పోర్టు లెక్కల్లో ట్విన్ సిటీస్ సగటు మంచు ఏడాదికి 51 అంగుళాలు. 2022–23లో 90 అంగుళాలు పడింది, మరుసటి ఏడాది 30 కూడా పడలేదు. సీజన్ మొత్తానికి ఒకే ధర ఒప్పుకుంటే మొదటి ఏడాది మీరు గెలిచినట్టు, రెండో ఏడాది కంపెనీ. వచ్చిన ప్రతిసారికీ ఇంతని కట్టేది దానికి తలకిందులు. రెండు కార్ల డ్రైవ్‌వే ఉండి, సొంత స్నోబ్లోయర్ ఉన్నవాళ్లకు కాంట్రాక్టే దండగ. డ్రైవ్‌వే పొడవుగా ఉన్నా, డిసెంబరులో నెల్లాళ్లు ఇండియా వెళ్లే అలవాటున్నా సీజన్ ధరే నయం. ఇంట్లో ఎవరూ లేరని బయటివాళ్లకు ముందుగా చెప్పేసేది పేరుకుపోయిన మంచే.

కాంట్రాక్టులో చూడాల్సింది ట్రిగ్గర్. ఎన్ని అంగుళాలు పడ్డాక వస్తారు? ఎక్కువమంది 2 అంగుళాలంటారు. అయితే ఆ 2 అంగుళాలు మంచు ఆగాకా, పడుతుండగానా? రాత్రంతా 10 అంగుళాలు పడితే ఒకసారి వస్తారా, రెండుసార్లా? ఎన్ని గంటల లోపు? ఇంకొకటి, సిటీ ప్లౌ ట్రక్కు వీధి ఊడ్చాక మీ డ్రైవ్‌వే మూతికి అడ్డంగా ఒక గట్టు వేసిపోతుంది. అది గట్టిపడి రాయవుతుంది. ఆ గట్టు తీయడానికి మళ్లీ వస్తారా, దానికి వేరే డబ్బులా? కాగితం మీద రాసి లేకపోతే రారనే అనుకోండి. మంచును వీధిలోకి నెట్టడం మిన్నెసోటాలో నేరం. అలా చేసే ప్లౌ డ్రైవర్‌ని పెట్టుకుంటే గొడవ మీ ఇంటికి వస్తుంది.

నేల గడ్డకట్టకముందే, నవంబరు మొదట్లో డ్రైవ్‌వే అంచుల్లో గుర్తు కర్రలు పాతాలి. కర్రలు లేని ఇంటి లాన్ అంచును ప్లౌ చుట్ట చుట్టేస్తుంది. అలా లేచిన గడ్డిని వసంతంలో ఖర్చు లేకుండా సరిచేయాలని కాంట్రాక్టులో రాయించండి. పేవర్ డ్రైవ్‌వే అయితే బ్లేడుకు రబ్బరు అంచు ఉందో లేదో అడగండి.

ఉప్పు విషయంలో లోకల్ కంపెనీలూ పాస్ కావు. దాదాపు అందరూ ఎక్కువ చల్లుతారు. మామూలు రాతి ఉప్పు నేల ఉష్ణోగ్రత 15 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కన్నా దిగితే పని చేయదు. అప్పుడు ఇసుక చల్లడమే మేలు. మిన్నెసోటా పొల్యూషన్ కంట్రోల్ ఏజెన్సీ లెక్కలో 20 అడుగుల డ్రైవ్‌వేకి కాఫీ మగ్గుడు ఉప్పు చాలు. ఒక్క టీస్పూను 5 గ్యాలన్ల నీటిని పాడు చేస్తుంది. చుట్టూ ఉన్న చెరువుల సంగతి అటుంచినా, మీ కాంక్రీటుకీ డ్రైవ్‌వే పక్క మొక్కలకీ అదే శత్రువు. కొత్త కాంక్రీటు మీద మొదటి చలికాలం ఉప్పు వేయనివ్వకండి.

చెట్లు

ఏ మొక్క ఎంత చలిని తట్టుకుంటుందో జోన్ల వారీగా చెప్పే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) మ్యాప్ 2023లో కొత్తది వచ్చింది, అది ట్విన్ సిటీస్‌లో చాలా భాగాన్ని 4బి నుంచి 5ఎకి మార్చింది. దాంతో నర్సరీల్లో రకాలు పెరిగాయి. అయినా చుట్టూ చెట్టు లేకుండా గాలి కొట్టే కొత్త కాలనీల్లో జోన్ 4 చెట్టే పెట్టమనండి. యాష్ చెట్టు పెడతామనేవాడిని గేటు దగ్గరే పంపేయండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2009లో సెయింట్ పాల్‌లో దొరికినప్పటి నుంచి ఆ జాతికి రోజులు లేవు. ఓక్ ఉంటే ఏప్రిల్ నుంచి జులై దాకా కొమ్మ నరకనివ్వకూడదు. తాజా గాయం మీద వాలే పురుగులతో ఓక్ విల్ట్ అనే తెగులు వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా నరకడమే భద్రం.

నాటేటప్పుడు మొదలు కింద వేరు విచ్చుకునే చోటు నేల మట్టానికి కనిపించాలి. చెట్టు మొదట్లో పుట్టలా మల్చ్ పోయడం ఇక్కడ ఊరంతా కనిపించే తప్పు. 3 అంగుళాలు చాలు, కాండానికి తగలకూడదు. ఆర్బర్‌విటే (కంచెలా పెంచే సతత హరిత చెట్టు) వరుసకు నేల గడ్డకట్టేదాకా నీళ్లు పెట్టాలి, లేకపోతే ఫిబ్రవరి ఎండకూ గాలికీ ఆకు ఎర్రబారిపోతుంది. కుందేళ్లు బెరడు కొరుకుతాయి, మంచు కింద వోల్ ఎలుకలు మొదలు కొరుకుతాయి. ¼ అంగుళం జాలీని మొక్క చుట్టూ, మంచు మట్టానికి పైదాకా వచ్చేంత ఎత్తులో చుట్టాలి. మంచు 20 అంగుళాలు పేరుకుంటే కుందేలు దాని మీద నిలబడి అందుకుంటుంది! చెట్టుకు ఏడాది వారంటీ ఇస్తారు కానీ అందులో కుందేళ్లు, జింకలు, ఉప్పు ఉండవు. చలికి చచ్చిపోతే ఇస్తారో లేదో తప్పక అడగండి.

గడ్డి, మందులు, మన కూరమళ్లు

గడ్డి కోత గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 3 అంగుళాలకు తగ్గించొద్దు, చలికాలం ముందు ఆఖరి కోతకు రెండున్నర. ఆకులు ఊడ్చేయాలి, లేకపోతే మంచు కింద బూజు పట్టి ఏప్రిల్లో గుండ్రటి తెల్ల మచ్చలొస్తాయి. విత్తనం వేయాలంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా సరైన సమయం. ఏప్రిల్లో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలవకుండా మందు చల్లి, వెంటనే విత్తనం కూడా వేస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. ఆ మందు మీ విత్తనాన్నీ మొలవనివ్వదు.

లాన్ ఎరువులో భాస్వరం వాడకాన్ని మిన్నెసోటా 2005 నుంచి రాష్ట్రమంతా కట్టడి చేసింది. మట్టి పరీక్షలో లోటు తేలినప్పుడో, కొత్తగా గడ్డి వేసిన మొదటి ఏడాదో వాడొచ్చు. మట్టి పరీక్ష యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా ల్యాబ్‌లో తక్కువ ఖర్చుకే చేయించుకోవచ్చు. ముందు అది చేయించకుండా ఏడాదికి ఆరుసార్లు చల్లే చందాకు సంతకం పెట్టొద్దు. డబ్బు తీసుకుని కలుపు మందు కొట్టేవాళ్లకు రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. ఎరువులో కలిపిన కలుపు మందుకైనా అంతే.

పెరట్లో టమాటా, మిరప, బీర, సొర పెట్టే ఇళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. డాండెలియన్ అనే కలుపు మీద కొట్టే 2,4-డి లాంటి మందు గాలికి కొట్టుకొచ్చి టమాటా ఆకులను మెలితిప్పేస్తుంది. మళ్లు ఎక్కడున్నాయో ముందే చూపించి, ఆ చుట్టూ మందు వద్దని వర్క్ ఆర్డర్లోనే రాయించండి. మందు కొట్టాక మొదటి మూడు నాలుగు కోతల గడ్డిని మళ్లలో మల్చ్‌గా వేయకండి. రెయిజ్డ్ బెడ్లు కట్టించేటప్పుడు డ్రైవ్‌వే మంచు పోసే చోటుకు దూరంగా పెట్టించాలి, లేకపోతే ఉప్పంతా అందులోకే. సొర పందిరి గుంజల్ని అడుగు లోతులో కాంక్రీటు పోసి నిలబెడితే మూడు చలికాలాల్లో పైకి లేచి వాలిపోతాయి. కాంక్రీటు లేకుండా ఇనప టీ-పోస్టులు దిగ్గొట్టించండి. లేచినా వసంతంలో రెండు దెబ్బలేస్తే సరిపోతుంది.

డబ్బు, కాగితాలు

లోకల్ వాళ్లకున్న పెద్ద లోపం ఫోన్ ఎత్తకపోవడం. మే నెలలో పిలిస్తే ఆగస్టుకు వస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాళ్లకు పని తక్కువ. మాట్లాడుకోవడానికీ బేరానికీ అదే అదను. అంచనా వేయడానికి వచ్చిన యజమానే పనికీ వస్తాడా, సబ్‌కాంట్రాక్టర్‌ని పంపుతాడా అన్నది అప్పుడే తేల్చుకోండి.

లయబిలిటీ (నష్టపరిహార), వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్లకు దెబ్బ తగిలితే ఇచ్చే) బీమా పత్రాలు నేరుగా బీమా ఏజెంటు నుంచి మీ ఈమెయిల్‌కి రప్పించండి. ల్యాండ్‌స్కేపర్ చూపించే పాత కాపీతో పని లేదు. అడ్వాన్సు మూడో వంతు దాటనివ్వకండి. మీరు పూర్తి డబ్బు కట్టినా, అతను రాళ్ల షాపుకు బాకీ పడితే ఆ షాపు మీ ఇంటి మీద మెకానిక్స్ లీన్ (బాకీ తీరేదాకా ఇంటి మీద పెట్టే చట్టపరమైన హక్కు) వేయగలదు. అందుకే ప్రతి చెక్కుకూ లీన్ వేవర్, అంటే ఆ హక్కు వదులుకున్నామనే కాగితం మీద సంతకం తీసుకోవాలి. చివరి విడతలో కొంత చలికాలం దాటేదాకా ఆపుకుంటామంటే చాలామంది ఒప్పుకోరు. అది న్యాయమే. దాని బదులు, మంచు కరిగాక వచ్చే మే నెలాఖరులోగా తిరిగి వచ్చి, అర అంగుళం కన్నా ఎక్కువ లేచిన లేదా కుంగిన పేవర్లన్నీ ఉచితంగా సరిచేస్తామని రాయించుకోండి. బేస్ సరిగ్గా వేసినవాడు ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి వెనకాడడు.